పాత బండే... కానీ ఎడారి దాటాలి!

నమీబియాకు వాయవ్య మూల, అంగోలా సరిహద్దుకు దగ్గర్లో కావోకోలాండ్ ఉంది. హింబా తెగవాళ్లు పశువులు మేపుకునే నేల. అక్కడ వాన్ జిల్స్ పాస్ అని ఓ కనుమదారి. దాన్ని రోడ్డు అనడానికి నోరు రాదు. రాళ్లగుట్ట మీంచి కిందికి జారే బాట, అంతే. తూర్పు నుంచి పడమరకి దిగడమే తప్ప ఎదురెక్కడం అక్కడి పద్ధతి కాదు. మధ్యలో యాక్సిల్ విరిగిందనుకోండి... ఫోన్ సిగ్నల్ ఉండదు. మెకానిక్ దొరికే ఊరు ఎక్కడో దూరాన. వెంట తెచ్చుకున్న నీళ్లే దిక్కు.

డబ్బున్నవాళ్లు ఇలాంటిచోటికి షోరూం బండి వేసుకుని వెళ్తారు. కానీ ఆఫ్రికాను రోడ్డుమీద చూడాలని బయల్దేరేవాళ్లలో చాలామంది ఉద్యోగానికి సెలవు పెట్టో, మానేసో, ఏళ్ల తరబడి దాచుకున్న సొమ్ముతో వచ్చినవాళ్లే. వాళ్లకి అందేది సెకండ్‌హ్యాండ్ బండి. దాని ఎంపికలో పొరపాటు జరిగితే పోయేది డబ్బొక్కటే కాదు.

ఏ బండి కొనాలి? ఈ ప్రశ్నకి దక్షిణాఫ్రికా నుంచి కెన్యా దాకా ఎక్కువగా వినిపించే జవాబు... టయోటా ల్యాండ్ క్రూజర్. అందులోనూ 1984లో మొదలైన 70 సిరీస్. దాని బానెట్ కింద ఉండే 1హెచ్‌జెడ్ అనే 4.2 లీటర్ల డీజిల్ ఇంజిన్‌కి పెద్ద పేరుంది. ఆరు సిలిండర్లు. టర్బో లేదు. డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. కొండ ఎక్కేటప్పుడు లారీలు కూడా దాటిపోతాయి, వేగం కావాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు. కానీ డ్రమ్ములోంచి తోడి పోసిన డీజిల్‌తోనూ నడుస్తుంది. కొత్తతరం కామన్ రెయిల్ ఇంజిన్లకి ఆ సుఖం లేదు. డీజిల్‌లో కాస్త నీరో, దుమ్మో చేరితే ఇంజెక్టర్లు మొరాయిస్తాయి. వాటిని బాగుచేయాలంటే సుత్తీ స్పానరూ చాలవు, కంప్యూటర్ కావాలి.

ఐక్యరాజ్యసమితి సంస్థలు, సహాయ బృందాలు ఏళ్లుగా ల్యాండ్ క్రూజర్లే వాడుతున్నాయి. కాబట్టి విడిభాగాలు, వాటిని బిగించడం తెలిసిన చేతులు మారుమూల పట్నాల్లోనూ దొరుకుతాయి. ‘ట్రూప్ క్యారియర్’ అనే పొడుగు బండి వెనక ఇద్దరు హాయిగా పడుకోవచ్చు. రెండు ట్యాంకులున్న రకానికి 180 లీటర్ల డీజిల్ పడుతుంది. తిరకాసల్లా ధర దగ్గరే. ముప్ఫై ఏళ్లు దాటినా దీని విలువ తగ్గనంటుంది. తక్కువకి ఇస్తామని ఎవరైనా అంటే ముందు అనుమానించాల్సిందే.

రెండో పేరు ల్యాండ్ రోవర్. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో తొలిసారి కనిపించింది. ఆ వంశంలోని పాత డిఫెండర్ తయారీ 2016 జనవరిలో ఆగిపోయింది. సినిమాల్లో ఆఫ్రికా సఫారీ అంటే గుర్తొచ్చే రూపం దీనిదే. 1990ల నాటి 300టీడీఐ ఇంజిన్‌ది ఇప్పటికీ నమ్మకమైన ఎంపిక. 1998లో వచ్చిన టీడీ5లో ఎలక్ట్రానిక్స్ చేరాయి. శరీరం అల్యూమినియం కాబట్టి తుప్పు పట్టదని అమ్మేవాళ్లు చెబుతారు. నిజమే, కానీ చాసిస్ మాత్రం ఇనుమే! ఇక ఆయిల్ కారడం గురించి యజమానులు చెప్పుకునే జోకొకటుంది... ‘కారడం ఆగిందంటే లోపల ఆయిల్ అయిపోయిందని అర్థం’.

ఈ రెంటికీ డబ్బు చాలనివాళ్లకి హైలక్స్ ఉంది. డర్బన్‌లోనే తయారయ్యే పికప్ అది. పికప్‌ని దక్షిణాఫ్రికాలో ‘బకీ’ అంటారు. మన చెవికి బాకీలా వినిపిస్తుంది, అప్పు చేసి కొంటే ఆ మాటా నిజమే! వెనక ట్రక్కుకి గూడు కట్టించుకుంటే చిన్న ఇల్లే. పాత నిస్సాన్ పెట్రోల్, మిత్సుబిషి పజెరో కూడా తక్కువ ధరలో మంచి బళ్లే, అయితే పార్టులు హైలక్స్‌కి దొరికినంత తేలిగ్గా దొరకవు. మన మహీంద్రా 2005 నుంచి దక్షిణాఫ్రికాలో సొంత కంపెనీ నడుపుతోంది, 2018 నుంచి డర్బన్‌లో పికప్‌లు బిగిస్తోంది. ఆ దేశం లోపల తిరగడానికి ఫర్వాలేదు. సరిహద్దులు దాటి ఎంత దూరం పోతే దాని పార్టులకి అంత వెతుకులాట.

నిజానికి ఏ కంపెనీ బండి అన్నదానికన్నా ఎలాంటి బండి అన్నదే ముఖ్యం. చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి. అమ్మేవాడు ముందే వేడిచేసి ఉంచాడంటే ఏదో దాస్తున్నాడన్నమాట. పొగ నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే, ఆయిల్ మూత కింద మీగడలాంటిది పేరుకుంటే, హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు లోపలికి దిగుతున్నట్టు. డర్బన్, కేప్‌టౌన్‌లాంటి సముద్రపుటూళ్ల బళ్లకి కిందపడుకుని మరీ తుప్పు వెతకాలి. లోపలి ఊళ్ల బండైతే ఆ బెడద తక్కువ. ట్రాన్స్‌ఫర్ కేసు లివరు లాగి ‘లో’ గేరు పడుతోందో లేదో అక్కడే చూడాలి. ఏళ్లపాటు ఊళ్లోనే తిరిగిన బళ్లలో అది బిగుసుకుపోయి ఉంటుంది.

చాలామంది పట్టించుకోని సంగతి టైర్లు. పాత ల్యాండ్ క్రూజర్లకి వచ్చే 16 అంగుళాల ట్యూబు టైరుని ఏ పల్లెలోనైనా గడ్డపారలాంటి ఇనుపకమ్మీలతో విప్పి పంక్చర్ వేస్తారు. ఫ్యాషన్‌గా కనిపించే వెడల్పాటి చక్రాలకి ఆ అవకాశం లేదు. స్టెప్నీ ఒకటి చాలదు, రెండుండాలి.

తర్వాతి శత్రువు బరువు. పైన గుడారం, నాలుగు జెర్రీక్యాన్లు, ఫ్రిజ్, వంటసామాను... ఎక్కించుకుంటూ పోతే కమాన్ కట్టలు చదునవుతాయి. నమీబియా కంకర రోడ్లు దూరం నుంచి నున్నగా ఉంటాయి. దగ్గరికెళ్తే రేకుల షెడ్డు పైకప్పులా మడతలు మడతలు. గంటల తరబడి ఆ కుదుపుకి షాక్ అబ్జార్బర్లు కాలిపోయేంత వేడెక్కి చచ్చుబడతాయి. పైన బరువున్న బండి మలుపులో జారితే పల్టీయే. ఆ దేశంలో పర్యాటకుల ప్రాణాలు తీసే ప్రమాదాల్లో ఈ పల్టీలదీ పెద్ద వాటానే. అద్దె బళ్లవాళ్లు కంకర మీద 80 దాటొద్దని పదేపదే చెప్పేది అందుకే.

బోట్స్వానాలోని సెంట్రల్ కలహారిలో మరో రకం గండం. బాట మధ్యలో మొలిచిన ఎండుగడ్డి విత్తనాలు రేడియేటర్‌కి అడ్డంపడి ఇంజిన్ వేడెక్కుతుంది. గడ్డి సైలెన్సర్ గొట్టం మీద పేరుకుని అంటుకుంటే నిమిషాల్లో బండి బూడిద. ముందు కట్టే వలగుడ్డ ధర స్వల్పం. దిగి కిందికి తొంగిచూడ్డానికి ఖర్చే లేదు.

ఇక కాగితాలు. దక్షిణాఫ్రికాలో విదేశీయుడి పేరున బండి రిజిస్టరవ్వాలంటే ముందు ట్రాఫిక్ రిజిస్టర్ నెంబరు తీసుకోవాలి, స్థానిక చిరునామాకి రుజువు చూపాలి. చాసిస్, ఇంజిన్ నెంబర్లు కాగితాలతో సరిపోకపోతే సరిహద్దులో దొంగబండి కింద ఆపేస్తారు. బోట్స్వానా, నమీబియా, లెసోతో, ఎస్వాతినీలది దక్షిణాఫ్రికాతో కలిసి ఒకే కస్టమ్స్ కూటమి కాబట్టి అక్కడ ఇబ్బంది తక్కువ. ఇంకా పైకెళ్లాలంటే ‘కార్నే’ అడిగే దేశాలున్నాయి. బండిని ఆ దేశంలో అమ్మేయకుండా తిరిగి బయటికి తెస్తామని ఇచ్చే హామీపత్రం అది. పూచీసొమ్ము బండి విలువని బట్టి ఉంటుంది. పాత బండి లాభమల్లా ఇక్కడ తెలుస్తుంది. విలువ తక్కువైతే ఇరుక్కునే డబ్బూ తక్కువే.

అసలు ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమా? పూర్వం వెన్ను విరిచిన కెన్యాలోని ఇసియోలో-మోయాలే దారికి 2010లలో తారు పడింది. తూర్పు ఆఫ్రికా ప్రధాన రహదారులకి మామూలు కారూ సరిపోతుంది. కాకపోతే సోసుస్‌వ్లై ఇసుకలో ఆఖరి ఐదు కిలోమీటర్లు, దక్షిణాఫ్రికా వైపు నుంచి ఎక్కే సానీ పాస్... వీటికి నాలుగు చక్రాలూ తిరగాల్సిందే. కైరో నుంచి కేప్‌టౌన్ దాకా అనే పాత కల మాత్రం 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక దెబ్బతింది.

జర్మనీకి చెందిన గుంథర్ హోల్టార్ఫ్ భార్యతో కలిసి 1988లో కొన్న మెర్సిడెస్ జీ-వ్యాగన్‌తో మొదట తిరిగింది ఆఫ్రికాలోనే. 2014లో ప్రయాణం ముగిసేసరికి ఆ ఒక్క బండి దాదాపు 9 లక్షల కిలోమీటర్లు నడిచింది. దాన్నిప్పుడు మ్యూజియంలో పెట్టారు.

అందరి బండీ మ్యూజియానికి పోదు, మళ్లీ అమ్ముకోవాలి. నైరోబీలో ప్రయాణం ముగించి అక్కడే వదిలించుకుందామంటే కుదరదు. కెన్యా 8 ఏళ్లు దాటిన వాహనాన్ని దిగుమతి చేసుకోనివ్వదు. కాబట్టి దక్షిణాఫ్రికాలో కొన్న బండిని తిరిగి అక్కడికే తోలుకురావాలి. బడ్జెట్లో వచ్చేదారి డీజిల్ కూడా ముందే లెక్కేసుకోవాలి.