భద్రాద్రికి భాద్రపదంలోనా?

‘గోదావరి’ సినిమా చూసొచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే కోరిక. లాంచీ ఎక్కాలి, పాపికొండల మధ్య నుంచి సాగిపోవాలి, భద్రాద్రి రాముణ్ణి చూడాలి! 2006లో శేఖర్ కమ్ముల పుట్టించిన కోరిక కాదిది. అంతకు చాలాముందే, 1973లో బాపు ‘అందాల రాముడు’ మన అమ్మానాన్నలకి ఇదే ఆశ పెట్టింది. ఖమ్మంలో ఉంటున్నందుకు చుట్టాలూ స్నేహితులూ నన్నే అడుగుతుంటారు, “ఎప్పుడు రమ్మంటావోయ్?” అని.

ఈసారి అడిగింది మా బావ. ఉండేది న్యూజెర్సీలో. పిల్లాడి బడికి సెలవులు సెప్టెంబరు మొదట్లో అయిపోతాయి. “ఆగస్టు ఆఖర్న వస్తాం. ఇక్కడ సమ్మరే, అక్కడా బాగానే ఉంటుందిగా?” అన్నాడు ఫోన్లో. వాళ్లకది వేసవి చివర. మనకో? శ్రావణ భాద్రపదాలు. గోదారి ఒళ్లు విరుచుకునే కాలం! కొడుకూ మనవడితో కలిసి కొండెక్కి రాముణ్ణి చూడాలని మా అత్తయ్య మొక్కుకుని చాలా ఏళ్లయింది. మోకాళ్లు రోజురోజుకీ మొరాయిస్తున్నాయి. రావద్దని ఎలా అనను? రమ్మని మాత్రం ఎలా అనను?

అందం మాటకొస్తే...

నిజం చెప్పాలంటే మా అడవికి అంతకంటే మంచి కాలం లేదు. మే నెలలో వచ్చి చూడండి. ఎండ 45 డిగ్రీల దగ్గర ఆడుతుంటుంది. గోదారి ఇసుక తిన్నెల మధ్య ఓ పాయగా పారుతుంటుంది. అదే ఆగస్టులోనా? కొత్తగూడెం, పాల్వంచ దాటాక కళ్లకి పచ్చదనం తప్ప మరొకటి ఆనదు. టేకు చెట్ల తలల మీద తెల్లని పూత. కిన్నెరసాని జలాశయం నిండుగా ఉంటుంది. ఎగువన వాజేడు దగ్గర బొగత జలపాతం హోరు చాలా దూరం వినిపిస్తుంది. వేసవిలో సన్నబడే జలపాతం అదేనంటే నమ్మబుద్ధి కాదు! పైగా గుళ్లో శ్రీరామనవమి నాటి తొక్కిడి ఉండదు. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాల పాలై కూడా వదులుకోని ఆ స్వామిని నిదానంగా చూసుకోవచ్చు.

ఒకటి గుర్తుంచుకోండి. భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషన్ ఉన్నది భద్రాచలంలో కాదు, కొత్తగూడెంలో. అక్కడ దిగి ఇంకో నలభై కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి.

ఆకాశం చూస్తే తెలీదు

అసలు చిక్కు ఇక్కడుంది. భద్రాచలంలో వాన లేకపోయినా గోదారి పెరుగుతుంది. మహారాష్ట్రలో కురిసిన వాన ప్రాణహితలోంచీ, బస్తరు అడవుల్లో కురిసిన వాన ఇంద్రావతిలోంచీ వచ్చి పైనే గోదాట్లో కలుస్తాయి. ఆ నీళ్లన్నీ మన రేవుకి చేరేటప్పటికి ఇక్కడ ఎండ కాస్తుండొచ్చు కూడా! అందుకే ఇక్కడివాళ్లు మబ్బుని కాదు, అడుగుల లెక్కని చూస్తారు. నీటిమట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. వంతెన మీద రాకపోకలే ఆపేశారు. దాన్ని మించింది 1986 ఆగస్టు 16న వచ్చింది. 75.6 అడుగులు!

ఆ వరదప్పుడు అత్తయ్య వాళ్లు బూర్గంపాడులో ఉండేవాళ్లు. బావకి మూడేళ్లు. “బియ్యం డబ్బా వదిలేశాను, బీరువా వదిలేశాను. నిన్నొక్కణ్ణీ చంకనేసుకుని మెరక చూసుకుని పరిగెత్తానురా” అంటుంది ఇప్పటికీ. బావకేమో ఏమీ గుర్తులేదు.

దిగువన కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. గోదారి పోటెత్తితే శబరి నీళ్లు ముందుకి పోలేక వెనక్కి ఎగదన్నుతాయి. చింతూరు వైపు రోడ్లు మునుగుతాయి. పర్ణశాల దగ్గర సీతమ్మ నారచీరల చోటూ నీళ్లలోకి పోతుంది. పోయిన దారినే తిరిగి రాగలమన్న భరోసా ఉండదు.

లాంచీ సంగతి

సినిమాలో లాంచీ రాజమండ్రిలో బయల్దేరి భద్రాచలం చేరుతుంది. ఇప్పుడలా కాదు. అటు గండిపోచమ్మ నుంచో, ఇటు పోచవరం నుంచో పాపికొండల దాకా వెళ్లి వెనక్కి తిరగడమే. వరదలో లాంచీలు ఆపుతారు. ఎందుకో 2019 సెప్టెంబర్ 15 చెబుతుంది. ఆ ఆదివారం కచ్చులూరు దగ్గర వరద గోదాట్లో పర్యాటకుల లాంచీ మునిగి నలభై మందికి పైగా పోయారు. సరదాగా చూడ్డానికొచ్చినవాళ్లే, మనలాంటివాళ్లే. నది అడుగునుంచి ఆ లాంచీని బయటికి తీయడానికి నెల పైన పట్టింది.

“రోజు చూసుకుని ఎక్కుదాం, నీళ్లు తగ్గితే చాలు కదా” అన్నాడు బావ. పక్కనే ఉన్న అత్తయ్య ఫోను నా చేతిలోంచి లాక్కుంది. “ఒరే, ఆ నీళ్లలోంచి నిన్ను ఒకసారి మోసుకొచ్చాను. ఇప్పుడు నీ కొడుకుని మొయ్యడానికి నాకు ఓపిక లేదు. రాముడి దగ్గరికి రా. లాంచీ మాటెత్తకు!” అంది. బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “సరేనమ్మా” అన్నాడు.

తేలిందిదీ

బావ వస్తున్నాడు. దర్శనం చేసుకుంటాం, కిన్నెరసాని చూస్తాం. మధ్యలో రెండు రోజులు ఖాళీగా పెట్టుకున్నాం. గోదారి మొదటి హెచ్చరిక దాటితే ఖమ్మంలోనే కూర్చుని ఖిల్లా చూస్తాం, సినిమాలు చూస్తాం! పాపికొండలు మాత్రం మరో ఏడాది డిసెంబరుకి. వాళ్లకి క్రిస్మస్ సెలవులు, మనకి చలికాలం, గోదారికి శాంతం.

మీరూ వస్తారా? రండి! దోమతెర తెచ్చుకోండి, ఏజెన్సీలో వానాకాలం జ్వరాలు ఎక్కువ. జలపాతం కింద దిగి ఫోటోలకి పోజులివ్వకండి. బయల్దేరే ముందురోజు భద్రాచలం నీటిమట్టం ఎంతో కనుక్కోండి. అడవిని చూడాలంటే ఆగస్టు, లాంచీ ఎక్కాలంటే కార్తీకం వెళ్లాక. రెండూ ఒకే సెలవులో కావాలంటే మాత్రం మా గోదారి ఒప్పుకోదు సుమా!