సర్దుకోవలసింది నేను కాదట!

మన ఆడపిల్లలకు బారసాలనాడు చెవిలో పేరుతోపాటు ఇంకో మాట కూడా చెబుతారేమోనని నాకు చాలాకాలంగా అనుమానం. ఆ మాట 'సర్దుకుపో'. అత్తవారింట్లో సర్దుకుపో, అద్దె ఇంట్లో సర్దుకుపో, ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలే వంటగదిలో సర్దుకుపో, బస్సులో ముగ్గురి సీట్లో నాలుగోదానివై సర్దుకుపో. ఇన్నింటితో సర్దుకున్నదాన్ని, యాభయ్యారో ఏట ముక్కుకు తగిలించుకునే మాస్కుతో సర్దుకోమంటే నాకేమీ కొత్తగా అనిపించలేదు. "మీరు సర్దుకోనక్కర్లేదమ్మా" అన్న మాటే కొత్తగా వినిపించింది. అదీ ఎక్కడ? ఆస్పత్రిలో.

సంగతేమిటంటే, నాకు గురక. మగవాడి గురక ఇంటిల్లిపాదికీ వినోదం, ఆడదాని గురక ఇంటి గుట్టు. మగవాడు పడుకుంటే కుంభకర్ణుడంటారు. మా అత్తగారు నన్ను మాత్రం ఊర్మిళాదేవి అనేవారు. లక్ష్మణుడు అడవికి పోతే పద్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రపోయిందని మన ఆడవాళ్ల పాటల్లో వుంది కదూ! "ఆవిడ మొగుడు అడవిలో వున్నాడు గనక పడుకుంది. నీ మొగుడు కాఫీ కోసం హాల్లో కూచున్నాడే అమ్మాయ్" అనేవారు మా అత్తగారు.

కానీ నాది నిద్ర కాదు. ఎనిమిది గంటలు పక్కమీదే వున్నా, లేచేసరికి తలమీద రోకలిపోటు. నోరు అట్టకట్టుకుపోయి వుండేది. మధ్యాహ్నం బియ్యం ఏరుతూ చేటమీదే కునికేదాన్ని. పొయ్యిమీద పాలు పెట్టి, నిలబడే కళ్లు మూసుకుపోతూంటే గట్టు పట్టుకుని ఆపుకునేదాన్ని. బీపీ మాత్ర ఒకటి రెండయింది, రెండు మూడయింది. అందరూ వయసన్నారు. కొందరు థైరాయిడన్నారు. పరీక్ష చేయిస్తే అదీ కాదు.

డాక్టరమ్మ దగ్గర అసలు సంగతి బయటపెట్టింది మావారు. "గురక పెడుతూ పెడుతూ హఠాత్తుగా ఆగిపోతుందండీ. గురకే కాదు, ఊపిరే ఆగిపోతుంది. మళ్లీ ఎగశ్వాసలా లాగేదాకా నేనూ ఊపిరి బిగపట్టుకుని కూచుంటాను. ఒక్కోసారి భుజం పట్టి కుదుపుతాను" అన్నారు. ముప్ఫైయేళ్ల సంసారంలో ఆయన రాత్రిళ్లు లేచి కూచుని నన్ను కాపలా కాస్తున్నారని నాకు తెలియదు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు కాసేపు.

పరీక్షలో తేలిందేమిటంటే, గంటకు 34 సార్లు నా ఊపిరి ఆగడమో, బాగా సన్నగిల్లడమో జరుగుతోంది. కనీసం పది సెకన్లు వుంటేనే ఒకటిగా లెక్కిస్తారట. గంటకు అయిదులోపు వుంటే మామూలు, ముప్ఫై దాటితే తీవ్రం. రక్తంలో ఆక్సిజను ఒక దశలో 79 శాతానికి జారింది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, గాలి పోయే దారి మూసుకుపోతుంది. మెదడు కంగారుపడి మనల్ని కొద్దిగా లేపుతుంది. దారి తెరుచుకుంటుంది. మళ్లీ నిద్ర, మళ్లీ మూత. తెల్లారి మనకేమీ గుర్తుండదు. గుండెకూ రక్తనాళాలకూ మాత్రం అంతా గుర్తుంటుంది.

ఇంకో మాట చెప్పారు డాక్టరమ్మ. మగవాళ్లు గురక ఫిర్యాదుతో వస్తారు, లేదా భార్యలు లాక్కొస్తారు. ఆడవాళ్లు నీరసమనీ, తలనొప్పనీ, నిద్ర పట్టడంలేదనీ, మనసు బాగాలేదనీ వస్తారు. అందుకే మనలో ఈ జబ్బు చాలాసార్లు మరుగున పడిపోతుందట. నెలసరి ఆగిన తరవాత ముప్పు ఇంకా పెరుగుతుందట.

మందు? నాకు ఇచ్చింది మందు కాదు, మిషను. సీపాప్ అంటారు. మందుల డబ్బా అంత పెట్టె, దానికో పొడుగాటి గొట్టం, గొట్టం చివర మాస్కు. ఆక్సిజను ఇస్తుందనుకునేరు సుమండీ! అదేం కాదు. గదిలో గాలినే కొంచెం ఒత్తిడితో ఊదుతుంది. కూరగాయల దుకాణంలో ఇచ్చే పల్చటి సంచీ మూతి అతుక్కుపోతే మనం ఉఫ్‌మని ఊది విడదీస్తామే, అలా ఆ గాలి గొంతును మూసుకుపోకుండా తెరిచి వుంచుతుంది.

ఆ ఒత్తిడిని నీళ్ల లోతుతో కొలుస్తారని తెలియగానే మావారికి ప్రాణం లేచొచ్చింది. ఆయన ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు. బిందెలో నీళ్లు పోసి, ఒక గొట్టాన్ని పది సెంటీమీటర్ల లోతుకు ముంచి, నాచేత ఊదించారు. "బుడగ రావడానికి ఎంత బలం కావాలో చూశావా? అదే పది!" అన్నారు కాలవకు నీళ్లు వదిలినంత సంబరంగా. సాధారణంగా ఈ మిషన్లు నాలుగునుంచి ఇరవైదాకా ఊదగలవు. ఎవరికెంత కావాలో వాళ్ల గొంతును బట్టి వుంటుంది.

నాకు ఇచ్చిన మిషను అవసరాన్ని బట్టి తనే ఒత్తిడి పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. మొదట్లో నాలుగునుంచి ఇరవైదాకా స్వేచ్ఛ ఇచ్చి వదిలారు. ఇహ చూడండి నా అవస్థ! పడుకోగానే నాలుగు దగ్గర గాలి చాలక, ముక్కుమీద ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టుండేది. అర్ధరాత్రి అది పైపైకి పోయి, మాస్కు అంచులోంచి గాలి కళ్లల్లోకి కొట్టి లేపేది. తెల్లారేసరికి గాలి మింగి మింగి పొట్ట ఉబ్బి, పెళ్లిభోజనం చేసినదానిలా తేన్పులు. మా అత్తగారు గొట్టం చూసి, "ఇదేమిటే, వినాయకుడి తొండం! పొద్దున్నే ఉండ్రాళ్లు పెట్టాలా?" అన్నారు.

మావారు తన విద్యంతా నా ముఖంమీద ప్రయోగించారు. లీకు ఎక్కడుంటే అక్కడ బిగించాలన్నది ఆయన సూత్రం. రాత్రికో గుంజు చొప్పున పట్టీలు బిగించారు. నాలుగోనాటికి నా ముక్కు మీద ఎర్రగా గాడి పడింది, లీకు మాత్రం ఎక్కువైంది. మాస్కుకున్న సన్నటి చిల్లుల్లోంచి గాలి రావడం చూసి, వాటికి జిగురు టేపు అంటిద్దామని కత్తెర కూడా తెచ్చారు.

ఆ పూటే వచ్చాడు మిషను అమర్చే కుర్రాడు. టేపు చూసి అదిరిపడ్డాడు. "అయ్యయ్యో, వాటిని ముయ్యకూడదు సార్! అమ్మగారు వదిలిన ఊపిరి బయటికి పోయే దారి అదే" అన్నాడు. పట్టీలన్నీ వదులు చేసి, నన్ను కూచోనివ్వకుండా పడుకోబెట్టి, మిషను వేసి, అప్పుడు సర్దడం మొదలుపెట్టాడు. కూచున్నప్పుడు బుగ్గలు ఒకలా వుంటాయి, పడుకుంటే ఇంకోలా జారతాయి. అందుకని ఎలా నిద్రపోతామో అలాగే పడుకుని కొలత చూసుకోవాలట. మాస్కు అంచు పల్చటి పొరలా వుండి, గాలికి పొంగి ముఖానికి ఆనుకుంటుంది. బిగిస్తే ఆ పొర నలిగిపోయి, ముడతల్లోంచి గాలి పోతుంది. మాస్కును ముఖంమీదనుంచి కొంచెం పైకెత్తి, మెల్లగా మళ్లీ ఆనించి, రెండు వైపులా సమంగా ఓ చుక్క బిగిస్తే చాలు. మావారు తల పంకించారు. గేటు బిగిస్తే ఆగే నీరు వేరు, పొంగి ఆగే గాలి వేరు!

అయినా ఒకచోట మాత్రం లీకు పోలేదు. ముక్కు ఎడమ పక్కన. కుర్రాడు టార్చి వేసి చూసి, "ముక్కుపుడక అమ్మా" అన్నాడు. పెళ్లినాడు మా అత్తగారు పెట్టిన ఏడురాళ్ల పుడక. మాస్కు అంచు సరిగ్గా దానిమీదే ఆనుతోంది. రాళ్ల సందుల్లోంచి గాలి ఈలవేస్తోంది.

మా అత్తగారు గుమ్మంలోనే వున్నారు. ఎనభై రెండేళ్లావిడ. ఏమీ అనలేదు, కానీ గుమ్మం పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. నా చెయ్యి అలవాటు ప్రకారం ముక్కుమీదికి పోయింది, తీసేద్దామని. సర్దుకుపోవడం చేతికి కూడా వచ్చేస్తుంది కాబోలు.

"ఎందుకమ్మా తియ్యడం? మీరు సర్దుకోనక్కర్లేదు. మాస్కునే మారుద్దాం" అన్నాడు కుర్రాడు. సంచీలోంచి మూడు నాలుగు రకాలు తీశాడు. ముక్కూ నోరూ కలిపి కప్పేది ఒకటి. అది పెద్దది, నా కళ్లల్లోకి గాలి కొట్టేది. ముక్కురంధ్రాల్లో ఆనేవి ఇంకో రకం. వాటికి పుడక వెనకాల శీల అడ్డం. చివరికి ముక్కు కింద ఊయలలా ఆని, రంధ్రాల్లోకి పోకుండా వుండేది నప్పింది. దాని గొట్టం నడినెత్తినుంచి వస్తుంది గనక ఎటు ఒత్తిగిల్లినా చిక్కుపడదు. జడ పక్కకు వేసుకుంటే పట్టీ సరిగ్గా కూచుంటుంది. పుడక దాని జోలికి పోదు, అది పుడక జోలికి రాదు. "బుద్ధిమంతుడు, ఏ తల్లి కన్నబిడ్డో" అని మా అత్తగారు ఆ కుర్రాడికి స్వయంగా ఫిల్టరు కాఫీ ఇచ్చారు. ఆవిడ చేతి కాఫీ అందరికీ దక్కదు.

ఒత్తిడి సంగతి డాక్టరమ్మ చూశారు. మిషను రాత్రంతా లెక్క రాసుకుంటుంది. ఎంత ఊదింది, ఎంత లీకైంది, ఎన్నిసార్లు ఊపిరి ఆగింది. ఆ లెక్కలు చూసి, నాకు చాలాభాగం పది దాటి అవసరమే లేదని తేల్చి, కింద ఏడూ పైన పన్నెండూ హద్దులు పెట్టారు. మొదట్లో ఊపిరాడనట్టుండటం, పొట్టుబ్బరం రెండూ తగ్గాయి. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి కాస్త తగ్గేలా చేశారు. నోరెండకుండా నీళ్లతొట్టి వేడి పెంచారు. ఇవన్నీ మనంతట మనం తిప్పే మీటలు కావు సుమా! ఎక్కువైతే వేరే రకంగా ఊపిరి ఆగే ప్రమాదం కొందరికి వుంటుందట.

ఇంట్లో పని మాత్రం మనదే. మాస్కు మెత్తని భాగాన్ని రోజూ సబ్బునీళ్లతో కడగాలి, ముఖం జిడ్డు అంటితే అది జారిపోతుంది. కొబ్బరినూనె, క్రీములు రాత్రిపూట ముఖానికి వద్దు. తొట్టిలో శుద్ధిచేసిన డిస్టిల్డ్ నీళ్లే పొయ్యాలి. చలికాలం గొట్టంలో చెమ్మ చేరితే గుడ్డ తొడిగితే సరి. కరెంటు పోతే మిషను ఆగుతుంది గనక ఇన్వర్టరుకు కలిపించాం.

మూడోవారానికి గంటకు ముప్ఫైనాలుగు కాస్తా మూడుకి దిగింది. ఆ లెక్క కాగితంమీదిది. ఇంట్లో లెక్క వేరు. ఓ ఆదివారం పొద్దున్న ఏడయినా మావారు లేవలేదు. కంగారుపడి తట్టి లేపితే, "రాత్రంతా పడుకున్నానే! నీ ఊపిరి వినాల్సిన పని లేకపోయింది" అన్నారు. గంటకు ముప్ఫైనాలుగుసార్లు ఆగింది నా ఊపిరి ఒక్కటేనా? ఆయనదీ ఆగుతూనే వుంది ఇన్నేళ్లూ.

తరవాత చదివితే తెలిసింది. ఈ చికిత్సను 1981లో లోకానికి చెప్పినవాడు ఆస్ట్రేలియా సిడ్నీలోని డాక్టర్ కోలిన్ సలివన్. మొదటిరోజుల్లో ఇంటి చీపురుమిషను మోటారులాంటి దానితో గాలి ఊదించారట. రోగి ముక్కుకు అచ్చు తీసి, దానికి తగ్గట్టు మాస్కు చేసి, ప్రతిరాత్రీ సిలికోన్ జిగురుతో అతికించుకునేవారట. మొదలే అలా మొదలైంది! మనిషి ముఖానికి తగ్గట్టు మాస్కు, మాస్కుకు తగ్గట్టు మనిషి కాదు.

మొన్న పక్కింటి వదినగారు వచ్చి నా తొండం చూసి, "ఇలాంటిదే మావారికీ కొన్నాం. పదిరోజులు పెట్టుకున్నారు, పడలేదు. అటకెక్కించేశాం" అన్నారు. మాస్కు ఏ రకమో, ఎక్కడ లీకయ్యేదో, ఒత్తిడి ఎంత పెట్టారో అడిగాను. అడగాలని వాళ్లకెవరూ చెప్పలేదట. "పడకపోవడం మీవారిది కాదు వదినగారూ, ఆ మాస్కు ఆయన ముఖానికి పడలేదు. మళ్లీ డాక్టరుకు చూపించండి. మాస్కు పాతబడి వుంటుంది, కొత్తది వేయించండి" అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "రాత్రిళ్లు నాకూ నిద్రుండదమ్మా. ఆయనకేమవుతుందోనని వింటూ పడుకుంటాను" అన్నారు మెల్లగా.

ఈ ఆదివారం ఆ పెట్టెను అటకమీదనుంచి దించుతాం. నిచ్చెన మా ఇంట్లో వుంది. పట్టీలు తనే అమరుస్తానని మావారు బయల్దేరుతున్నారుగానీ, ఆయన్ని నిచ్చెన పట్టుకోవడంవరకే రానిస్తాను.