యల్లాపుర అడవిలో చిన్న బొంత

మన భాషలో ‘అతుకుల బొంత’ ఒక నింద. పొందిక లేని దేనినైనా ఆ మాటతోనే ఎత్తిపొడుస్తాము. ఉత్తర కన్నడ జిల్లాకు వెళ్ళివచ్చినప్పటి నుండి ఆ మాట నా నోట రావడం లేదు.

మా మదర్సాలో చదువుకున్న ఒక విద్యార్థి తన నికాహ్‌కు పిలిచాడు. హుబ్బళ్ళిలో రైలు దిగి యల్లాపుర బస్సెక్కితే కొంతసేపటికి చేలు వెనుకబడి టేకు అడవి మొదలవుతుంది. ఆ అడవుల్లో సిద్దీల పల్లెలున్నాయి. వీరి పూర్వికులు ఆఫ్రికావారు. గోవాలో పోర్చుగీసువారి బానిసత్వం నుండి తప్పించుకొని ఇక్కడ తలదాచుకున్నవారు వారిలో ఎందరో. ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు కూడా వీరిలో ఉన్నారు. 2003లో కర్ణాటకలో వీరికి షెడ్యూల్డు తెగగా గుర్తింపు లభించింది. హైదరాబాదు ఏ.సీ. గార్డ్స్ పేరులో దాగి ఉన్నది కూడా నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వికదళమే.

పెళ్ళివారింటి వసారాలో ఒక వృద్ధురాలు పాత చీర పరచుకొని కూర్చున్నారు. పుట్టబోయే మునిమనవడికి బొంత. రెండు మూరల పొడవుంటుందేమో. వారు దానిని ‘కవంది’ అంటారు. మన ఇళ్ళలో చీరలను పొరలుగా పరచి ఈ కొస నుండి ఆ కొసకు దారం నడిపిస్తారు. ఇక్కడ పని మూలలో మొదలై, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ లోపలికి సాగుతుంది. గుడ్డపేలిక అంచు లోనికి మడిచి, అడుగుబట్టతో కలిపి ఒకేసారి కుడతారు. అతకడం, బిగించడం రెండూ ఆ ఒక్క కుట్టుతోనే. చివరి ముక్క నట్టనడుమ పడుతుంది.

నాలుగు మూలలా మడతపెట్టిన రంగు గుడ్డలున్నాయి. ‘ఫూల’ అట, అంటే పువ్వు.

“ఇది లేకపోతే ఏమవుతుంది, ఖాలా?” అని ఉర్దూలో అడిగాను.

“కవందికి ఒంటిమీద బట్ట లేనట్లే, మౌలానా!”

నాకు తల వంగిపోయింది. పన్నెండేళ్ళ వయసులో మదర్సా వసతిగృహానికి వెళ్ళేటప్పుడు మా అమ్మ తాను కుట్టిన గుదడీ నా పెట్టెలో పెట్టింది. అందులో మరణించిన మా నాన్నగారి లుంగీ ముక్క ఉంది. తోటి పిల్లలు నవ్వారని దానిని నేల తుడిచేందుకు ఇచ్చివేశాను. సెలవుల్లో అమ్మ అడిగితే పోయిందన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఆమె ఈ లోకం విడిచి పదకొండేళ్ళయింది. నిజం చెప్పనేలేదు.

ఖాలా ఒక్కొక్క ముక్కనూ చూపుతూ ఇది తమ్ముడి చొక్కా, ఇది కోడలి దుపట్టా అని చెబుతున్నారు. “మీ దగ్గర పాతగుడ్డ ఏమైనా ఉందా?” అన్నారు. భుజంమీది గళ్ళ రుమాలు ఇచ్చాను. ఒక చెంగు కత్తిరించుకొని, మిగిలినది జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చారు.

దైవప్రవక్త (సఅసం) తమ దుస్తులు తామే కుట్టుకొనేవారని ఏటా పిల్లలకు పాఠం చెబుతాను. సూది పట్టింది మాత్రం లేదు. మా అమ్మాయికి రజబ్ నెలలో కాన్పు. అమ్మ చీర ఒకటి పెట్టె అడుగున దొరికింది. దారం ఎక్కించడానికి కళ్ళద్దాలు మార్చుకున్నాను. మొదటి మూల ఇప్పటికి మూడుసార్లు విప్పాను.