రెండో స్కాన్

పాలకీడు మండలంలోని ఒక తండా నుంచి రెండు నెలల ఆడబిడ్డను మిర్యాలగూడకు తీసుకొచ్చారు. ఒంటి మీద అక్కడక్కడా ఎర్రగా ఉబ్బిన మచ్చలు. వాటికి మందు రాయించుకుందామని వెళ్తే పిల్లల డాక్టరు కడుపుకు అల్ట్రాసౌండ్ స్కాన్ రాశారు. "మచ్చలు తోలు మీదుంటే కడుపుకు స్కాన్ ఎందుకు సారూ?" అని అడిగింది నాయనమ్మ. అడగాల్సిన ప్రశ్నే.

ఆ మచ్చలను హెమాంజియోమా అంటాం. రక్తనాళాల లోపలి పొర కణాలు అతిగా పెరిగి ఏర్పడే గడ్డలివి. ఒకటో రెండో ఉంటే సాధారణంగా భయం లేదు. ఐదు, అంతకు మించి ఉంటే కాలేయంలోనూ ఉండొచ్చు. అందుకే కడుపు చూడాలి.

పసిబిడ్డను స్కాన్ చేయడానికి మత్తు అక్కర్లేదు. జెల్ గోరువెచ్చగా ఉంచి, తల్లి ఒళ్లో పాలు తాగుతుండగానే చూడొచ్చు. ఆ పాప కాలేయం నిండా చిన్న చిన్న గుండ్రటి గడ్డలు కనిపించాయి. రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్ పెడితే వాటిలో రక్తం ఉరకలు వేస్తోంది. కాలేయానికి వెళ్లే ధమని లావెక్కింది. ఆ కొమ్మ చీలిన చోటు దాటాక బృహద్ధమని సన్నబడింది. ఒంటికంతా అందాల్సిన రక్తంలో పెద్ద వాటాను కాలేయమే లాగేసుకుంటోందనడానికి అది గుర్తు. అదనపు భారమంతా గుండె మీద పడుతుంది. బిడ్డ పాలు తాగుతూ ఆయాసపడుతోందని తల్లి చెప్పిన మాటకు అర్థం అక్కడ దొరికింది.

వెంటనే గుండెకు ఎకో, రక్తంలో థైరాయిడ్ పరీక్ష రాయించాం. ఈ గడ్డల్లో ఉండే ఒక ఎంజైమ్ థైరాయిడ్ హార్మోన్‌ను విరిచేస్తుందని 2000లో బోస్టన్ వైద్యులు వెల్లడించారు. పుట్టినప్పుడు మామూలుగా ఉన్న థైరాయిడ్ ఫలితం గడ్డలు పెరిగాక మారిపోవచ్చు. పట్టించుకోకపోతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

పాపను హైదరాబాద్‌కు పంపాం. అక్కడ ప్రొప్రనలాల్ మొదలుపెట్టారు. గుండె జబ్బుకు ఇచ్చిన ఈ మందుతో పసిపిల్లల హెమాంజియోమాలు తగ్గడం ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు గమనించి 2008లో ప్రకటించారు. అంతకుముందు ఎక్కువగా స్టెరాయిడ్లే దిక్కు. అయితే ఈ మందుతో రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. పాలు పట్టాకే వేయాలి. బిడ్డ పాలు మానినా, వాంతులు చేసుకున్నా డోసు ఆపి డాక్టరును అడగాలి. నాయనమ్మను కూడా కూర్చోబెట్టి ఇది చెప్పాను. తల్లి కూలికి వెళ్తే మందు వేసేది ఆమే.

మరో బిడ్డ సంగతి వేరు. తల్లి కడుపులో ఉండగా ఐదో నెలలో చేసిన టిఫా స్కాన్‌లో ఏమీ లేదు. తొమ్మిదో నెలలో కాలేయంలో పెద్ద గడ్డ. "అప్పుడు లేనిది ఇప్పుడెట్లొచ్చింది?" అని తండ్రి ఆందోళన. ఇలాంటి ఒంటరి గడ్డ గర్భంలోనే పెరిగి, పుట్టేసరికి పూర్తి పరిమాణానికి చేరుతుంది. తర్వాత చాలామందిలో ఏడాది, పద్నాలుగు నెలల్లోపు దానంతట అదే కుంచించుకుపోతుంది. సూది గుచ్చి ముక్క తీస్తే రక్తస్రావం కావచ్చు. గుండె తట్టుకుంటోంది కాబట్టి ఆ బిడ్డకు మేం చేసిందల్లా క్రమం తప్పకుండా కొలవడమే.

అలాగని కాలేయంలో గడ్డలన్నీ ఇవే అనుకోకూడదు. హెపటోబ్లాస్టోమా అనే క్యాన్సర్ ఉంది. అడ్రినల్ గ్రంథిలో పుట్టి కాలేయానికి పాకే న్యూరోబ్లాస్టోమా ఉంది. అందుకే అడ్రినల్ గ్రంథులు చూడకుండా స్కాన్ ముగించకూడదు. ఆల్ఫా ఫీటోప్రొటీన్ పరీక్ష సాయపడుతుంది కానీ, నవజాత శిశువుల్లో అది సహజంగానే చాలా ఎక్కువ. ఒక్క అంకె చూసి భయపడలేం, ధైర్యపడలేం. వారాలు గడిచేకొద్దీ దిగుతోందా లేదా అన్నదే లెక్క. అనుమానం మిగిలితే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ తప్పదు. కాంట్రాస్ట్ మందు ఎక్కించాక గడ్డ అంచుల నుంచి లోపలికి మెల్లగా వెలుగు నిండితే అది హెమాంజియోమా వైపు చూపుతుంది. సీటీలో రేడియేషన్ తగులుతుంది, ఎంఆర్ఐకి తరచూ మత్తు అవసరమవుతుంది. వాటిని పదే పదే చేయలేం. అల్ట్రాసౌండ్‌ను ఎన్నిసార్లైనా, ఇంటికి దగ్గర్లోనే చేయొచ్చు.

ఇన్నేళ్లు స్కాన్లు చేసిన అనుభవంలో నాకు అర్థమైందిదే: మొదటి స్కాన్ గడ్డకు పేరు పెడుతుంది, అది ఎటు పోతోందో రెండోది చెబుతుంది. అందుకు మొదటిసారి ఏ గడ్డను ఏ కోణంలో కొలిచామో, ధమని ఎంత లావుందో, రక్తవేగం ఎంతో రిపోర్టులో రాసి ఉండాలి. "గడ్డలున్నాయి" అని వదిలేస్తే తర్వాత చూసేవారికి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

రెండో స్కాన్‌కు కుటుంబాలు రాలేకపోవడానికి కారణాలుంటాయి. నాట్ల రోజుల్లో ఒక పూట కూలి పోవడం చిన్న విషయం కాదు. అందుకని తేదీతో పాటు వాళ్ల పనుల లెక్కలోనూ చెబుతాను: నాట్లు అయ్యాక, సంక్రాంతికి ముందు, జాన్‌పహాడ్ దర్గా ఉర్సు అయిన వారం. మచ్చలు వెలిసిపోతే చాలామంది రావడం ఆపేస్తారు. మచ్చ తగ్గినంత మాత్రాన కాలేయం తేరుకున్నట్టు కాదు. మందు ఆపాక గడ్డలు మళ్లీ పెరగొచ్చు కనుక అప్పుడూ ఒకసారి చూడాలి.

ఆ తండా పాపకు గడ్డలు తగ్గాయి, బృహద్ధమని మామూలు తీరుకొచ్చింది, ఆయాసం పోయింది. మందు పనిచేసింది నిజమే. అది పనిచేస్తోందని మాకు తెలిసింది మాత్రం ఆ కుటుంబం చెప్పిన ప్రతిసారీ పాత ఫైలు పట్టుకుని వచ్చినందువల్లే. పసిబిడ్డ ఒంటి మీద ఎర్రమచ్చలు కనబడితే లెక్కపెట్టండి. ఐదుంటే స్కాన్ చేయించండి. రిపోర్టును ఆధార్ కార్డంత భద్రంగా దాచండి. తర్వాతి తేదీ ఎప్పుడో అడక్కుండా ఆసుపత్రి గడప దాటకండి.