వరుసలో ముందు చెల్కలు

తొలకరి పడి రెండు రోజులైంది. సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే రోడ్డు దిగి, తడిసిన ఎర్రమట్టి బాట పట్టి మేం ఆ ఊరు చేరేసరికి పొద్దింకా ఎక్కలేదు. పంచాయతీ ఆఫీసు పక్కన రేకుల కొట్టం. దాని ముందు పాతిక మంది దాకా రైతులు, కొంగు నడుముకు చుట్టుకున్న ఆడవాళ్లు, రెండు ట్రాక్టర్లు. లోపల గోడ వెంట రోటావేటర్, కల్టివేటర్, విత్తనం వేసే ప్లాంటర్, ప్లాస్టిక్ డబ్బాల డ్రమ్ సీడర్లు, కలుపు తీసే పవర్ వీడర్, గడ్డి కోసే చాఫ్ కట్టర్. ఒక మూలన వరి మళ్లలో దమ్ముకు వాడే కేజ్‌వీల్స్. దండెం మీద మడిచి వేసిన టార్పాలిన్ పట్టాలు. ప్రతి వస్తువు మీదా తెల్ల పెయింటుతో ఒక నంబరు.

అంతమంది ఉన్నా కేకలు లేవు. అందరి చూపూ బల్ల మీద తెరిచిన పొడవాటి రిజిస్టరు మీదే ఉంది. దాని వెనక కూర్చున్న నడివయసు మహిళను చిన్నా పెద్దా అందరూ 'అక్క' అనే పిలుస్తున్నారు. పదో తరగతి దాకా చదివి, పొదుపు సంఘంలో లెక్కలు రాసి చేయి తిరిగిన మనిషి. ఆ ఊరి రైతులు వాటాలు వేసుకొని నడుపుకుంటున్న పనిముట్ల కేంద్రానికి లెక్కలూ తాళంచెవీ ఆమె దగ్గరే ఉంటాయి.

'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అనే సామెత తెలుగునాట వినని ఊరు ఉండదు. నలుగురిదీ అయిన వస్తువును ఎవరూ పట్టించుకోరన్నది మనవాళ్ల పాత అనుభవం. సబ్సిడీ మీద వచ్చిన యంత్రం కొన్నాళ్లకు ఒకరి వాకిట్లో సొంత బండిలా నిలబడటమో, బడి వెనక తుప్పు పట్టడమో చూడని మండలం తక్కువే. ఈ ఊళ్లో ఆ గొర్రె ఎలా బతికిందో చూడటానికే మేం వెళ్లాం.

యంత్రాలు అందరికీ ఎందుకు కావాలో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రప్రదేశ్‌లో అది 0.94 హెక్టార్లు. రెండున్నర ఎకరాల రైతు రోటావేటర్ కొంటే ఏడాదిలో కొద్ది గంటలే దానికి పని. మిగతా కాలమంతా అది వాకిట్లో తుప్పు పడుతుంది, అప్పు మాత్రం వడ్డీ పెంచుకుంటూ పోతుంది. ఎడ్లు ఉన్న రోజుల్లో అరక, గొర్రు, గుంటుక ఎవరింట్లో వాళ్లకు ఉండేవి. కర్రు అరిగితే ఊళ్లోనే కమ్మరి కొలిమి ఉండేది, కూలి గింజల్లో తీరేది. ఎడ్లు పోయాక ఆ ఏర్పాటంతా పోయింది. దాని చోట వచ్చిన ఇనుము ఒక్కో రైతు మోయగలిగినది కాదు.

అయితే నలుగురూ కలిసి యంత్రం కొనడం ఈ కథలో తేలికైన భాగం. అసలు చిక్కు వాన పడ్డాక మొదలవుతుంది. ఊరందరికీ ఒకే యంత్రం ఒకే వారంలో కావాలి. పత్తి గింజ, కంది గింజ భూమిలో పడాల్సిన పదును నాలుగు రోజులు నిలిస్తే ఎక్కువ. అదను తప్పితే మళ్లీ వాన కోసం ఆకాశం వంక చూడాలి. ఏడాది పొడుగునా సాఫీగా నడిచిన కేంద్రాలు కూడా ఈ వారం రోజుల్లోనే విరిగిపోతాయి. ముందు మా చేనుకు రావాలని బలవంతుడు పట్టుబట్టి తీసుకుపోతాడు, బలహీనుడు మళ్లీ ఏడాది వాటా కట్టడు.

మొదట్లో ఇక్కడ కూడా పేరు ముందు రాయించినవాళ్లకు ముందు అనే పద్ధతే ఉండేదట. చూడటానికి న్యాయంగానే ఉంది. కానీ రిజిస్టరు దగ్గరకు పరుగెత్తుకు రాగలిగేది రోడ్డు పక్కన ఇల్లున్నవాడు, బండి ఉన్నవాడు. తండా నుంచి నడిచి వచ్చేవాళ్ల పేర్లు ఎప్పుడూ కింద వరుసల్లోనే మిగిలేవి. రెండో ఏడాది సభ్యులంతా కూర్చుని ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు వరుస నిర్ణయించేది నేల.

ఈ మాట కొంచెం విడమరచాలి. ఆ ఊళ్లో ఎర్ర చెల్కలున్నాయి, నల్లరేగడి ఉంది. చెల్కలో వాన నీళ్లు తొందరగా ఇంకుతాయి, పదును తొందరగా ఆరిపోతుంది. రేగడి తేమను పట్టి ఉంచుతుంది. పైగా వాన పడిన మర్నాడే రేగడిలో ట్రాక్టర్ దించితే దిగబడుతుంది, దున్నినా బెడ్డలు లేస్తాయి. కాబట్టి వాన వెలిసిన మొదటి రెండు మూడు రోజులు యంత్రాలు చెల్కలకు, తర్వాత రేగడికి. చెల్కల్లో మళ్లీ పక్కపక్కన ఉన్న చేలన్నీ ఒక జట్టు. ఒక అంచు నుంచి మొదలుపెట్టి దున్నుకుంటూ పోతే తిరుగుళ్లకు డీజిల్ తగలబడదు. ఏ జట్టు ముందో చీటీ తీసి తేలుస్తారు. మొదటి విడతలో ఎంత పెద్ద రైతైనా సరే, కొద్ది ఎకరాలకు మించి యంత్రం అట్టిపెట్టుకోకూడదు. మిగిలిన నేలకు రెండో విడత దాకా ఆగాల్సిందే.

మేం వెళ్లిన పొద్దున తీస్తున్నవి ఆ చీటీలే. ఇత్తడి చెంబులోంచి ఒక బడిపిల్లవాడు చీటీ తీస్తుంటే అక్క చదివి రిజిస్టరులో ఎక్కిస్తోంది. చివరి చీటీ వచ్చిన జట్టులో ఒక పెద్దాయన ముఖం వాడింది. పోయినేడూ తమదే చివర వచ్చిందని ఆయన బాధ. అక్క పాత పేజీ తిప్పి చూసి, నిజమే మామా అంది. అప్పటికప్పుడు అక్కడున్నవాళ్లంతా మాట్లాడుకుని, వరుసగా రెండేళ్లు చివర వచ్చిన జట్టును చీటీల్లో కలపకుండా మధ్యలో చేర్చాలని ఒప్పుకున్నారు. తీర్మానం రాశారు, సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు. పావుగంట కూడా పట్టలేదు. సహకారం గురించి ఎన్నో సభల్లో ఎన్నో మాటలు విన్నాం గానీ, ఆ పావుగంటలో చూసినంత స్పష్టంగా అది ఎప్పుడూ కనిపించలేదు.

ఈ కేంద్రం తీరు ఎక్కడి నుంచో ఊడిపడింది కాదు. వాతావరణ మార్పులను తట్టుకునే సేద్యం కోసం 2011లో భారత వ్యవసాయ పరిశోధన మండలి 'నిక్రా' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ 'క్రిడా' దానికి కేంద్రం. కరువు, వరద, తుపాను తాకిడి ఎక్కువగా ఉన్న 100 జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాల ద్వారా ఊళ్లను ఎంచుకుని యంత్రాల అద్దె కేంద్రాలు పెట్టించింది. అందులో మంచి సంగతి యంత్రాలు ఇవ్వడం కాదు, వాటి పెత్తనం ఊరి రైతుల కమిటీకి వదలడం. అద్దె ఎంతో కమిటీయే నిర్ణయిస్తుంది, బోర్డు మీద రాసి పెడుతుంది. వచ్చిన డబ్బు కమిటీ పేరున బ్యాంకులో పడుతుంది, మరమ్మతులకు అందులోంచే తీస్తారు. సూర్యాపేట జిల్లాలోని ఈ ఊరి కేంద్రం పట్టుకున్నదీ ఆ దారినే.

కేంద్ర ప్రభుత్వం 2014-15 నుంచి వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద ఇలాంటి వాటికి సాయం ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఇంకో రకంగా చేశారు. రైతు బృందం 10 శాతం పెట్టుకుంటే 50 శాతం సహకార బ్యాంకు అప్పు, 40 శాతం సబ్సిడీ. ఆ ఏడాది జూన్‌లో ఒక్క విడతలోనే 3,800 ట్రాక్టర్లు, 320 కోత యంత్రాలు బృందాలకు అందాయి. యంత్రం ఊళ్లోకి రావడానికి దారులు లేకపోలేదు. అది పదేళ్లు నిలవడానికి మాత్రం ప్రభుత్వ ఉత్తర్వు పనికి రాదు, పుస్తకాలు కావాలి.

అక్క బల్ల మీద మూడు పుస్తకాలున్నాయి. మొదటిది వస్తువు పోయినదీ వచ్చినదీ రాసేది. రెండోది రసీదుల పుస్తకం. మూడోది మరమ్మతులది. మాకు బాగా నచ్చింది ఆ మూడోదే. ప్రతి యంత్రానికీ అందులో ఒక పేజీ. రోటావేటర్ బ్లేడ్లు ఎప్పుడు మార్చారు, గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు పోశారు, ఏ చేనులో రాయి తగిలి బ్లేడు విరిగింది, ఎవరు కట్టుకున్నారు, అన్నీ ఉన్నాయి. మామూలుగా అరిగితే ఖర్చు సంఘానిది. రాళ్లున్న చేనని చెప్పకుండా దింపి విరగ్గొడితే తీసుకున్నవాడిది. ఈ రెంటికీ తేడా తేల్చడం ఎలా అంటే, అప్పగించేటప్పుడు ఇద్దరూ కలిసి చూడాలి, కడిగి తేవాలి. మట్టి అంటుకున్న యంత్రాన్ని లోపలికి రానివ్వరు. మట్టి కింద పగులు కనపడదు గనక. కేజ్‌వీల్స్‌తో తారు రోడ్డెక్కినవాళ్లకు ఆ సీజనులో మళ్లీ కేజ్‌వీల్స్ ఇవ్వరు.

మందు కొట్టే పంపుల దగ్గర ఒక చిన్న ఏర్పాటు చూశాం. కొన్నింటికి ఎర్ర పెయింటు, కొన్నింటికి పచ్చ పెయింటు. ఎర్రవి గడ్డిమందుకే, పచ్చవి పురుగుమందుకే. ఒక ఏడాది ఎవరో 2,4-డి గడ్డిమందు కొట్టి సరిగా కడగకుండా పంపు తిరిగిచ్చారు. మర్నాడు ఇంకొకరు అదే పంపుతో పత్తికి పురుగుమందు కొట్టారు. పత్తికి ఆ గడ్డిమందు అంటే ప్రాణాంతకం. అడుగున మిగిలిన కాస్తంత మందుకే ఆకులు సన్నగా సాగి ముడుచుకుపోయాయి. నష్టపోయింది రెండెకరాల కౌలు రైతు. సంఘం తన నిల్వ సొమ్ములోంచి ఆయనకు గింజల ఖర్చు ఇచ్చింది, పంపులకు రంగులు వేయించింది. ఇచ్చిపుచ్చుకునే పనిముట్టులో నిన్నటి మనిషి చేతిపని కూడా కలిసి వస్తుందని ఆ రంగులు చూశాకే మాకు అర్థమైంది.

ఇలాంటి కేంద్రం పెట్టాలనుకునేవాళ్లు అద్దె విషయంలోనే ఎక్కువగా పొరబడతారు. మనవాళ్లకే కదా అని డీజిల్, డ్రైవర్ కూలి వస్తే చాలన్నట్టు పెడతారు. లక్ష రూపాయల యంత్రం పదేళ్లు పని చేస్తుందనుకుంటే ఏటా పది వేలు అరుగుదల కింద పక్కన పడాలి. పడకపోతే పదకొండో ఏడు చేతిలో యంత్రమూ ఉండదు, డబ్బూ ఉండదు. ఈ ఊళ్లో మొదటి రెండేళ్లు ఆ తప్పే చేశారు. తర్వాత అద్దె పెంచితే కొందరు అలిగారు. అక్క మరమ్మతుల పుస్తకం సభలో చదివి వినిపించిందట. పెంచినా బయట బండివాళ్లు అడిగే రేటు కన్నా తక్కువే ఉంది. సభ్యులు కానివాళ్లకు కూడా ఇస్తారు, కాస్త ఎక్కువ రేటుకు, సభ్యుల వరుస అయ్యాక.

కౌలు రైతుల సంగతి ప్రత్యేకంగా అడిగాం. సబ్సిడీ యంత్రం కావాలంటే పట్టాదారు పాసుపుస్తకం అడుగుతారు. కౌలుదారుకు అది ఎక్కడిది? సంఘం మాత్రం పట్టా చూడదు, ఈ ఏడు ఆ చేను ఎవరు చేస్తున్నారో ఇరుగు పొరుగు రైతు సంతకం చేస్తే చాలు. ఒంటరి ఆడవాళ్ల చేలకు డ్రైవర్లు చివర్లో పోతున్నారన్న ఫిర్యాదు కూడా ఒకప్పుడు ఉండేది. దానికి మందుగా, పని పూర్తయినట్టు చేను గలవాళ్లు సంతకం చేస్తేనే డ్రైవర్‌కు కూలి అందే పద్ధతి పెట్టారు. ఫిర్యాదులు తగ్గాయి. పూర్తిగా పోలేదని ఆడవాళ్లే చెప్పారు.

పనిముట్లు పంచుకోవడం మెట్ట సేద్యానికే పరిమితం కాదు. అమెరికాలో బర్క్‌లీ నగర గ్రంథాలయం 1979లో 30,000 డాలర్ల ప్రభుత్వ గ్రాంటుతో, ఒక ట్రెయిలర్‌లో, దాదాపు 500 పనిముట్లతో అరువు విభాగం తెరిచింది. అది ఇప్పటికీ నడుస్తోంది. పుస్తకం తీసుకెళ్లినట్టే నిచ్చెన, రంపం, డ్రిల్ తీసుకెళ్తారు, ఆలస్యమైతే జరిమానా కడతారు. మనకు దగ్గరలో సిద్దిపేట జిల్లా ఊళ్లలో మహిళా సంఘాలు స్టీల్ బ్యాంకులు నడుపుతున్నాయి. పెళ్లికీ పండుగకూ ప్లాస్టిక్ పళ్లేల బదులు స్టీలు కంచాలు, గ్లాసులు అద్దెకిస్తున్నాయి. వాటికీ ఈ ఊరికీ తేడా ఒక్కటే. బర్క్‌లీలో నిచ్చెన ఒక వారం ఆగి దొరికినా కొంప మునగదు. ఇక్కడ ప్లాంటర్ వారం ఆగితే పంట పోతుంది.

ఇప్పుడు సభ్యుల మధ్య నలుగుతున్న ప్రశ్న రిజిస్ట్రేషన్. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, అంటే 'మ్యాక్స్' కింద, నమోదు చేసుకోవాలని కొందరు అంటున్నారు. 1964 చట్టంలో ఉన్నంత ప్రభుత్వ పెత్తనం అందులో ఉండదు. వాటా ఎంతున్నా మనిషికి ఒకే ఓటు, ఏటా ఆడిట్ తప్పనిసరి. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి నాయకత్వంలో పుట్టిన ముల్కనూరు సహకార సంఘం ఇన్ని దశాబ్దాలు నిలిచిందంటే లెక్కలు సభ్యుల ముందు తెరిచి పెట్టడం వల్లేనని వాళ్ల నమ్మకం. నమోదైతే కాగితాల పని పెరుగుతుందని ఇంకొందరి భయం. మా ఉద్దేశంలో మొదటివాళ్లదే సరైన మాట. ఇవాళ తాళంచెవి అక్క దగ్గర ఉంది గనక సాగుతోంది. ఆమె తర్వాత ఎవరి చేతిలో ఉన్నా సాగాలంటే చట్టం అండ కావాలి.

మేం బయల్దేరేసరికి ఎనిమిది దాటింది. చీటీలో ముందు వచ్చిన జట్టుకు ప్లాంటర్ తగిలించారు. ఆ జట్టు రైతు ఒకాయన నట్లు ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూసి రిజిస్టరులో సంతకం చేశాడు. ట్రాక్టర్ తండా వైపు చెల్కల్లోకి కదిలింది.

మీ ఊళ్లోనూ ఇలాంటి కేంద్రం ఒకటి ఉండే ఉంటుంది, కనీసం కాగితాల మీద. వచ్చే తొలకరి లోగా ఒకసారి వెళ్లండి. యంత్రాలు చూపించమని కాదు, మరమ్మతుల పుస్తకం చూపించమని అడగండి.