భయాన్ని పక్కన కూర్చోబెట్టుకుని

మార్చి వచ్చిందంటే చెన్నైలో నా దగ్గరికి వచ్చేవాళ్ళ వయసు తగ్గిపోతుంది. పదిహేడు, పద్దెనిమిది, లాంగ్‌టర్మ్ పిల్లలైతే పంతొమ్మిది. వాళ్ళు నేరుగా నా దగ్గరికి రారు. గుండె దడ అని ఒక డాక్టరుకి, కడుపులో తిప్పుతోందని ఇంకో డాక్టరుకి, తలనొప్పి అని కళ్ళ డాక్టరుకి చూపించుకుని, రిపోర్టులన్నీ నార్మల్ అని తేలాక, సైకియాట్రిస్ట్ అని బోర్డున్న గదికి మొహమాటపడుతూ వస్తారు. పెరంబూరు, కొరుక్కుపేట, వ్యాసర్‌పాడి వైపు తెలుగు కుటుంబాలైతే ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడవచ్చని తెలిసి కాస్త కుదుటపడతారు. కూర్చోగానే తండ్రి అనే మాట దాదాపు ఒకటే. “సబ్జెక్టంతా వచ్చండీ. కాన్ఫిడెన్సే లేదు.”

ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. ధైర్యం ఉన్నవాడికి భయం వెయ్యదని, భయం వేసిందంటే ధైర్యం లేనట్టేనని. పిల్లలు కూడా దాన్నే నమ్ముతారు. అందుకే పరీక్ష హాల్లో చెయ్యి కాస్త వణగ్గానే ‘అయిపోయింది, నావల్ల కాదు’ అని తేల్చేసుకుంటారు. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమందికి కావలసింది ఆ వణుకు ఆగిపోవడం కాదు. వణుకుతూనే రాయవచ్చని ఒంటికి అనుభవంగా తెలియడం. మైండ్‌ఫుల్‌నెస్ సాధనను నేను వాడేది దీనికోసమే.

ఒకమ్మాయి సంగతి చెబుతాను. (ఇక్కడ చెప్పే పిల్లలెవరినీ ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.) మెడిసిన్ ప్రవేశపరీక్ష నీట్‌కి రెండోసారి తయారవుతోంది. మాక్ టెస్టులో ఫిజిక్స్ దగ్గరికి రాగానే వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కేవి, పెదవుల చుట్టూ జివ్వుమనేది, కళ్ళు బైర్లు కమ్మేవి. ఒకరోజు వేళ్ళు కొంకర్లు పోయి ఓఎంఆర్ షీట్ మీద గడి నింపలేకపోయింది. ఇంట్లో హడలిపోయి ఈసీజీ, ఎకో తీయించారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్న మాటతో ఆ పిల్ల భయం ఇంకా పెరిగింది. లేని జబ్బు రోజూ ఎందుకొస్తోంది మరి?

“నాతోపాటు ఒక్క నిమిషం గబగబా, లోతుగా ఊపిరి తియ్యమ్మా” అన్నాను. గుండెజబ్బు, ఆస్తమా, ఫిట్స్ లాంటివి లేవని రూఢి చేసుకున్నాకే చేయించే పని ఇది. ఎవరూ ఇంట్లో ప్రయత్నించకూడదు. నిమిషం నిండకముందే ఆ అమ్మాయి ఆగి తన వేళ్ళ వంక చూసుకుంది. “ఇదే డాక్టర్! హాల్లో నాకు వచ్చేది ఇదే!”

భయం వేసినప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి వేగం పెరుగుతుంది. అవసరానికి మించి ఊపిరి వదిలేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో మెదడుకి వెళ్ళే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి, తల తేలిపోయినట్టవుతుంది. రక్తంలో క్షారగుణం పెరిగి, నరాలకు అందే కాల్షియం తగ్గి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కొంకర్లు పోతాయి. ప్రాణాపాయం లేదు. ఊపిరి నిదానిస్తే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. పన్నెండో తరగతి బయాలజీ, కెమిస్ట్రీ చదివిన పిల్లకు ఇది విప్పి చెప్పడం ఎంత తేలికో! తన పుస్తకంలోని పాఠమే తన ఒంట్లో జరుగుతోందని తెలిశాక ఆ కళ్ళలో మొదటిసారి భయం స్థానంలో కుతూహలం కనబడింది.

ఆ కుతూహలం దగ్గరే సాధన మొదలైంది. మొదట ఊపిరి వదలడం తీసుకోవడం కంటే నిదానంగా ఉండేలా చూసుకోవడం. తర్వాత కళ్ళు తెరుచుకునే, అరికాళ్ళు చెప్పులకు ఎక్కడ తగులుతున్నాయో గమనించడం, వేళ్ళ మధ్య పెన్ను బరువు, ఫ్యాన్ చప్పుడు గమనించడం. మనసు ‘పోయినేడాది ఎన్ని మార్కుల్లో సీటు పోయింది’ అన్నచోటికి పారిపోతుంది. పారిపోయిందని గుర్తించి, తిట్టుకోకుండా, మళ్ళీ అరికాళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి. “పది నిమిషాల్లో ముప్పైసార్లు పారిపోయింది డాక్టర్, నాకు రావట్లేదు” అందా అమ్మాయి. ముప్పైసార్లు వెనక్కి తెచ్చుకున్నావు కదా, సాధన అంటే ఆ తెచ్చుకోవడమేనన్నాను. పరీక్షలో కావలసిందీ అదే. రాని లెక్కను వదిలి, దాని బాధను అక్కడే వదిలి, తర్వాతి ప్రశ్న దగ్గరికి రాగలగడం.

సాధన ఎప్పుడు చెయ్యాలన్నది కూడా ముఖ్యం. తెల్లవారుజామున పూజగదిలో కూర్చుంటే మనసు నిలుస్తుంది, నిజమే. కానీ నీట్ జరిగేది మే నెలలో, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. 2025 నుంచి 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. 1.30 దాటితే గేటు మూసేస్తారు. పొట్టి చేతుల చొక్కా, కాళ్ళకు చెప్పులు, చెవులకు కమ్మలుండవు, పెన్ను కూడా వాళ్ళిచ్చేదే. అచ్చొచ్చిన పెన్ను, తాయెత్తు, అమ్మ చెయ్యి, అన్నీ గేటు బయటే ఉండిపోతాయి. అందుకే చెన్నై ఎండలో, భోజనమయ్యాక, చెమటపడుతూ, అలవాటులేని పెన్నుతో, చప్పుడున్న గదిలో సాధన చెయ్యమంటాను. హాల్లోకి పిల్ల తీసుకువెళ్ళగలిగేవి తన ఊపిరి, తన అరికాళ్ళు మాత్రమే.

ఆ పిల్లకు వేళ్ళ తిమ్మిరి పూర్తిగా పోలేదు. మాక్ టెస్టుల్లో వస్తూనే ఉంది. వచ్చినప్పుడు పెన్ను కింద పెట్టి, నాలుగైదు నిదానపు ఊపిర్లు తీసి, మళ్ళీ అందుకోవడం వచ్చింది. నన్నడిగితే కాన్ఫిడెన్స్ అంటే అదే.

“దీనివల్ల ఎన్ని మార్కులు పెరుగుతాయి డాక్టర్ గారూ?” అని ఒక తండ్రి సూటిగా అడిగారు. అప్పు చేసి ఫీజు కట్టిన మనిషికి అలా అడిగే హక్కుంది. తెలిసినంతవరకు నిజమే చెప్పాను. ఈ సాధనను వైద్యంలోకి ఎనిమిది వారాల శిక్షణగా తెచ్చింది 1979లో మసాచుసెట్స్‌లో జాన్ కబట్-జిన్. కాలిఫోర్నియాలో 2013లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో రెండు వారాల సాధన చేసిన విద్యార్థులకు జీఆర్‌ఈ తరహా ప్రశ్నల్లో మార్కులు మెరుగుపడ్డాయి. అందులో పాల్గొన్నది యాభైమంది కూడా లేరు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఆరొందలమందికి పైగా విద్యార్థులతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో పరీక్షల సమయంలో మానసిక క్షోభ తగ్గింది. మార్కుల సంగతి మాత్రం తేలలేదు. ఇక బ్రిటన్‌లోనే ఎనిమిది వేలమందికి పైగా బడిపిల్లలకు తరగతి మొత్తానికీ కలిపి నేర్పి చూస్తే, మామూలు పాఠాలకంటే మేలేమీ కనబడలేదని 2022లో వెల్లడైంది. అడగనివాడికి, అవసరం లేనివాడికి బలవంతంగా నేర్పితే అంటదని నా అనుభవం కూడా చెబుతోంది. మార్కులు పెంచుతానని మాటివ్వలేనని, వచ్చిన చదువు భయంలో కొట్టుకుపోకుండా చూడడానికి ప్రయత్నిస్తానని ఆయనతో అన్నాను.

జ్ఞాపకశక్తి మాత్రలు రాయమని అడిగేవాళ్ళకూ నా జవాబు దాదాపు ఇంతే. మాత్రలు వద్దు, పిల్లను రాత్రి పదకొండు తర్వాత మేల్కొని ఉండనివ్వకండి. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే.

మార్కుల కోసం సాధన అన్న విషయం ఆలోచించినప్పుడల్లా నాకు తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గుర్తొస్తారు. 1895లో మదనపల్లెలో పుట్టి, చిన్నతనంలోనే ఇక్కడి అడయారు చేరిన మనిషి. గ్రీన్‌వేస్ రోడ్డు వసంత విహార్‌లో ఏళ్ళ తరబడి మాట్లాడారు. 1986 జనవరిలో ఆయన చివరి ప్రసంగాలూ అక్కడే. ఏదో సాధించడానికి చేసే ధ్యానాన్ని ఆయన ఒప్పుకోలేదు. పిల్లల్ని ఒకరితో ఒకర్ని పోల్చే చదువునూ ఒప్పుకోలేదు. నేనేమో సీటు కోసం పరుగెత్తే పిల్లలకు ఒక పద్ధతి నేర్పుతున్నాను. ఆయన అభ్యంతరం బలమైనదని నమ్ముతాను. అయినా మే నెల పరీక్షను ఎదురుగా పెట్టుకుని ఊపిరాడక కూర్చున్న పిల్లతో పోటీయే తప్పని వాదించలేను. ఆ అభ్యంతరం వల్ల ఒక జాగ్రత్త మాత్రం నేర్చుకున్నాను. సాధనను ఇంకో సబ్జెక్టు కానివ్వను. రోజుకెన్ని నిమిషాలు చేశారో యాప్‌లో లెక్కపెట్టుకుని, ఒకరోజు తప్పిందని ఏడ్చే పిల్లల్ని చూశాను. వాళ్ళకు వారంపాటు పూర్తిగా ఆపెయ్యమని చెబుతాను.

అందరికీ ఇది సరిపోదు కూడా. ఒకబ్బాయికి కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమంటే ఒళ్ళంతా చెమట పట్టేసింది. హాస్టల్లో పెద్దపిల్లలు పెట్టిన బాధలు, ఎవరికీ చెప్పుకోనివి, కళ్ళు మూస్తే ఎదురుగా వచ్చేవి. అతనికి ఊపిరి సంగతే ఎత్తలేదు. సాయంత్రాలు బెసెంట్ నగర్ బీచ్‌లో తడి ఇసుక మీద అడుగులు గమనిస్తూ నడవడం, ఆ బాధలను మా సైకాలజిస్టుతో కొద్దికొద్దిగా చెప్పుకోవడం, ఇదే అతని వైద్యం.

ఇంకో అబ్బాయిని కూడా ‘కాన్ఫిడెన్స్ కోసం’ అనే తెచ్చారు. నిద్రలేదు, తిండి లేదు, క్రికెట్ చూడడం మానేశాడు. తనవల్ల ఇంట్లోవాళ్ళకు భారమన్నాడు. అది డిప్రెషన్. అక్కడ ధ్యానం నేర్పుతూ కూర్చుంటే అపచారం. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగాను. అవునన్నాడు. మందులు, కౌన్సెలింగ్, ఇంట్లో ఎవరో ఒకరు తోడు. ఆ ఏడు పరీక్ష రాయలేదు. ఇప్పుడు బాగున్నాడు. ఇలాంటి మాట పిల్లల నోట వింటే ఆలస్యం చెయ్యకూడదు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్‌లో ఏ వేళైనా మాట్లాడేవాళ్ళుంటారు, తెలుగులోనూ.

చెన్నైలో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళెవరూ 2017ను మరిచిపోలేరు. తమిళనాడు వృత్తివిద్యలకు ప్రవేశపరీక్ష తీసేసి, దాదాపు పదేళ్ళు ప్లస్‌టూ మార్కుల మీదే సీట్లిచ్చింది. ఆ ఏడు నీట్ తప్పనిసరైంది. అరియలూరు జిల్లాలో కూలి చేసుకునే దళిత కుటుంబంలో పుట్టి, ప్లస్‌టూలో 1200కి 1176 తెచ్చుకున్న అనితకు మెడిసిన్ సీటు దక్కలేదు. సెప్టెంబరు 1న ఆమె తన ప్రాణం తీసుకుంది. ఒక మరణానికి ఒకే కారణం చెప్పడం తప్పు, చెప్పను. కానీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఆ పిల్లకు ఆత్మవిశ్వాసం లేదని ఎవరనగలరు? ఆమె చదివింది స్టేట్ బోర్డు పాఠం. పరీక్ష ఇంకో పాఠం మీద నడిచింది. కోచింగ్ స్తోమత ఉన్నవాళ్ళ పరీక్ష అది. ఆ లోటును ఏ ఊపిరి సాధనా పూడ్చదు. ప్రభుత్వ బడి పిల్లలకు 2020లో వచ్చిన 7.5 శాతం కోటా లాంటివి పూడ్చాలి. 1986లో ఇక్కడ ఆత్మహత్యల నివారణకు స్నేహ సంస్థను మొదలుపెట్టిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్, పరీక్ష తప్పిన పిల్లలు ఏడాది ఆగకుండా వెంటనే మళ్ళీ రాసుకునే వీలుండాలని పట్టుబట్టారు. ఆ వీలు వచ్చాక పరీక్ష తప్పి చనిపోయే పిల్లలు తగ్గారని ఆమె చెబుతూ వచ్చారు. గదిలో కూర్చుని నేను చేసే పని కంటే అది ఎంతో పెద్ద వైద్యం.

నా గదిలో చెయ్యగలిగిన మార్పు ఒకటి చేశాను. ఆ పది నిమిషాల సాధనకు ఇప్పుడు తల్లిదండ్రుల్ని కూడా కూర్చోమంటున్నాను. ఎన్ని మార్కులు పెరుగుతాయని అడిగిన తండ్రే ఒక శనివారం కూతురి పక్కన కూర్చున్నారు. అయిపోయాక కాసేపు మాట్లాడలేదు. “కోచింగ్ సెంటర్ నుంచి మార్కుల మెసేజ్ వస్తుంది కదండీ. అది గుర్తొస్తేనే నా చేతులు చల్లబడ్డాయి. ఫోను తియ్యకముందే” అన్నారు. “నువ్వు ఫోను తీసినప్పుడు నేను నీ మొహమే చూస్తుంటాను నాన్నా” అంది కూతురు. పరీక్ష అయ్యేదాకా ఆ మెసేజ్‌లు తన ఫోనుకి పంపవద్దని సోమవారం సెంటర్‌కి వెళ్ళి రాసిచ్చి వచ్చారాయన. మార్కులు ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో కూతురి ఇష్టానికే వదిలేశారు.