ఊరు కాపాడుకున్న కొలను

స్టోన్‌హేవెన్ అనగానే నా మనసులో మెదిలేది రాత్రి. స్కాట్లాండ్ తూర్పు తీరంలో, ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరది. వేసవిలో కొన్ని బుధవారాలు అక్కడ అర్ధరాత్రి దాకా చుక్కల కింద ఈత కొడతారు. పక్కనే సముద్రం ఎముకలు కొరికేంత చల్లగా ఉంటుంది. అదే ఉప్పునీటిని వడగట్టి, 29 డిగ్రీలకు వెచ్చబెట్టి, 50 మీటర్ల కొలనులోకి పంపుతారు. చలిగాలికి నీటి మీద ఆవిర్లు లేస్తుంటాయి.

1934లో తెరిచారు దాన్ని. తర్వాత విదేశీ విహారాలు చౌకయ్యాయి, బ్రిటన్‌లో ఇలాంటి ఆరుబయటి కొలనులెన్నో మూతపడ్డాయి. 1990లలో దీనికీ ఆ గండం వచ్చింది. ఊరివాళ్లు చూస్తూ కూర్చోలేదు. సంఘంగా ఏర్పడి, చందాలు పోగేసి, గోడలకు రంగులేసే పని కూడా భుజాన వేసుకున్నారు. రంగు అంటిన ఆ చేతులంటే నాకెంతో గౌరవం.

జులైలో ఊళ్లో జానపద సంగీతోత్సవం. అందులో ఒక వేడుక ఈ కొలనులోనే! పాటకు తగ్గట్టు జనం నీళ్లలో నిలబడి స్కాట్లాండ్ సామూహిక నృత్యం కేలీ ఆడతారు. నీళ్లలో అడుగు తేలిగ్గా పడదు. పక్కవాళ్ల చెయ్యి వదిలితే తూలిపోవడమే.